ఏది చవక? ఎంత దాకా చవక?

పెళ్లి ఖాయమైన ఇంట్లో ఒక పట్టాన తెగని విషయం వలీమా విందు. "క్యాటరింగ్ వాళ్లకు అప్పగిద్దాం. ప్లేటుకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చేస్తే చేతులు దులుపుకోవచ్చు" అంటారు మామూ. "అదేం మాట! బావర్చీని పిలిచి మనమే వండిద్దాం. ఖర్చు ఎంతో కలిసివస్తుంది" అంటారు చాచా. ఇద్దరూ పెద్దవారే, ఇద్దరూ అనుభవం మీదే మాట్లాడుతున్నారు. మామూ తమ ఇంటి దావత్‌కు పిలిచింది 90 మందిని. చాచా తమ అబ్బాయి వలీమాలో దస్తర్‌ఖాన్ పరిచింది 400 మందికి. ఇద్దరి మాటా నిజమే. ఎంతమందికి నిజమో ఇద్దరూ చెప్పడం లేదు, అంతే.

'ఏది చవక' అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు ఉండదు. 'ఇంతవరకు ఇది చవక, అది దాటితే అది చవక' అన్నదే సరైన జవాబు. ఆ గీటు ఎక్కడుందో కనిపెట్టే లెక్కనే గణితంలో రేఖీయ అసమీకరణం అంటారు. పేరు బరువుగా ఉంది గానీ విషయం తేలిక. కళాశాలలో చేరిన పిల్లలు ఈ పాఠాన్ని మార్కుల కోసం చదివి మరిచిపోతారు. నిజానికి అది ఇంటి పద్దు రాసే తల్లికి, దుకాణం నడిపే తండ్రికి ఎక్కువ అవసరం.

మామూ, చాచాల తగవునే తీర్చి చూద్దాం. ధరలు ఊరికొక తీరుగా ఉంటాయి కాబట్టి ఇక్కడ లెక్కకు అనువైన అంకెలు తీసుకుంటున్నాం. పాఠకులు తమ ఊరి ధరలు పెట్టుకోవచ్చు.

క్యాటరింగ్ వారు ప్లేటుకు 350 రూపాయలు అడిగారు, అన్నీ అందులోనే. మనమే వండిస్తే బావర్చీ కూలి, డేగ్‌ల అద్దె, కట్టెలు, షామియానా, వడ్డించేవారి కూలి కలిపి 21,000 అవుతుంది. పది మంది వచ్చినా, వెయ్యి మంది వచ్చినా ఈ ఖర్చు తప్పదు. ఆపైన మాంసం, బియ్యం, నూనె, మసాలాలకు మనిషికి 210 చొప్పున పడుతుంది. అతిథుల సంఖ్యను 'అ' అనుకుందాం. మన వంట చవక కావాలంటే ఈ మాట నిజం కావాలి:

21,000 + 210అ < 350అ

నడుమనున్న గుర్తు 'కన్నా తక్కువ' అని చదవాలి. మనిషి లెక్కన పడే 210 రెండు వైపులా ఉంది, దాన్ని రెండు వైపులా తీసేద్దాం. 21,000 < 140అ అని మిగులుతుంది. అంటే, మనమే వండించుకుంటే ప్రతి అతిథి మీద 140 రూపాయలు మిగులుతుంది. ఆ మిగులు పోగుపడి ముందు పెట్టిన 21,000ను దాటాలి. 21,000ను 140తో భాగిస్తే 150. కాబట్టి 150 < అ.

గీటు 150 దగ్గర ఉంది. 100 మంది వస్తే మన వంటకు 42,000, వాళ్లకు 35,000. మామూ గెలిచారు. 300 మంది వస్తే మనకు 84,000, వాళ్లకు 1,05,000. చాచా గెలిచారు. సరిగ్గా 150 మంది వస్తే రెండూ 52,500. అప్పుడు ఎవరి వంట రుచిగా ఉంటే వారినే పిలవండి!

అయితే ఎంతమంది వస్తారో పెళ్లినాటి దాకా ఎవరికి తెలుస్తుంది? శుభలేఖలు 200 పంచుతాం, కొందరు రారు, కొందరు నలుగురిని వెంటబెట్టుకొని వస్తారు. ఇక్కడే ఈ లెక్క మరింత అక్కరకు వస్తుంది. కచ్చితమైన సంఖ్య తెలియనక్కర లేదు, గీటుకు ఏ పక్కన ఉన్నామో తెలిస్తే చాలు. 'ఎంత తక్కువైనా 180, ఎంత ఎక్కువైనా 260' అని అంచనా ఉంటే మొత్తం అంచనా గీటుకు ఒకే పక్కన ఉంది. ఇక తగవెందుకు? '130 నుంచి 250 మధ్య' అంటే మాత్రం గీటు నడుమ పడింది. అప్పుడు రెండు చివరలా లెక్క చూడాలి. 130 మందే వస్తే మన వంట వల్ల నష్టం 2,800. 250 మంది వస్తే లాభం 14,000. రెండు చివరలూ సమానంగా సంభవమే అనుకున్నవారు ఎటు మొగ్గుతారో చెప్పనక్కర లేదు. కాకపోతే ఈ లెక్కలో ఇంటి ఆడవారి శ్రమకు ధర కట్టలేదు. రెండు రోజులు ఉల్లిపాయలు తరిగేది, మిగిలిన అన్నం సర్దేది, గిన్నెలు లెక్కపెట్టి అప్పగించేది ఎవరో చాచా గుర్తుంచుకుంటే మంచిది.

క్యాటరింగ్ వారితో బేరమాడి ప్లేటు 310కి దించారనుకోండి. మనిషికి తేడా 100 రూపాయలే మిగిలింది. గీటు 150 నుంచి 210కి జరిగింది. 40 రూపాయల బేరం 60 మంది అతిథులంత పని చేసింది.

ఇంకొక్క సంగతి. "కనీసం 200 ప్లేట్లకు డబ్బు కట్టాలి, తక్కువ మంది వచ్చినా సరే" అన్న షరతు పెట్టేవారుంటారు. చూడ్డానికి అది చిన్న మాటే. లెక్క వేయండి. ప్లేటు 350 చొప్పున 200 మంది దాకా వాళ్లకు చెల్లించేది ఎప్పుడూ 70,000. మనకు 200 మందికి అయ్యేది 63,000, అంతకన్నా తక్కువ మంది అయితే ఇంకా తక్కువ. 200 దాటితే ఎలాగూ మనదే చవక, గీటు 150 దగ్గరే దాటాం కదా. అంటే ఆ ఒక్క షరతుతో మామూ పక్షం పూర్తిగా ఓడిపోయింది. 90 మందికైనా, 900 మందికైనా మన వంటే చవక. కాగితం మీద సంతకం పెట్టే ముందు ప్లేటు ధర ఒక్కటే చూసి, కింద రాసిన షరతు చూడనివారు పోగొట్టుకునేది ఇక్కడే.

బాగ్దాదు నుంచి వచ్చిన పనిముట్లు

పైన రెండు వైపుల నుంచి 210ని తీసేశాం. ఆ పనికి అరబ్బీలో ఒక పేరుంది: ముఖాబలా. రెండు పక్షాలను ఎదురెదురుగా నిలబెట్టి, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని కొట్టివేయడం. దానికి తోడు ఇంకొకటి ఉంది: జబ్ర్. ఒక వైపు తీసివేత వల్ల ఏర్పడిన లోటును పూడ్చి, అంతే మొత్తాన్ని రెండో వైపు కూడా కలపడం. విరిగిన ఎముకను సరిచేసి కట్టడాన్ని కూడా అరబ్బీలో జబ్ర్ అనే అంటారు.

ఈ రెండు పేర్లనూ తన గ్రంథం శీర్షికలో పెట్టినవారు ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ. అబ్బాసీ ఖలీఫా మామూన్ పాలించిన కాలంలో (813–833) బాగ్దాదులోని బైతుల్ హిక్మాలో పనిచేసిన విద్వాంసులాయన. ఆ గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' అన్న మాటే ఐరోపాకు వెళ్లి ఆల్జీబ్రా అయింది. 1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ దాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. ఖ్వారిజ్మీ పేరు లాటిన్‌లో అరిగి అరిగి అల్గారిథమ్ అయింది. కంప్యూటర్ చదివే మన పిల్లలు రోజూ పలికే మాట అది. భారతీయ అంకెలతో లెక్కలు చేసే పద్ధతి మీద కూడా ఆయన ఒక పుస్తకం రాశారు.

చాలామందికి తెలియని విషయం మరొకటి ఉంది. ఆయన బీజగణితం పండితుల వినోదం కోసం రాసింది కాదు. వారసత్వపు పంపకాలు, వీలునామాలు, వ్యాపారం, భూముల కొలతలు, కాలువల తవ్వకం వంటి జనం రోజువారీ అవసరాల కోసమే రాస్తున్నానని తొలి పలుకుల్లోనే చెప్పుకున్నారు. పుస్తకంలో పెద్ద భాగం ఆస్తి పంపకాల లెక్కలే. ఇంకో విశేషం, అందులో ఒక్క గుర్తు కూడా లేదు. అంతా మాటల్లోనే. తెలియని రాశిని ఆయన 'షై' అన్నారు, అంటే వస్తువు. మనం 'అ' అన్నాం, తేడా ఏమీ లేదు.

ఆయన ఎక్కువగా చేసింది 'సమానం' లెక్కలు. 'కన్నా తక్కువ', 'కన్నా ఎక్కువ' గుర్తులు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఇంగ్లండుకు చెందిన థామస్ హారియట్ పుస్తకం 1631లో, ఆయన చనిపోయిన పదేళ్లకు అచ్చయినప్పుడు అవి లోకానికి తెలిశాయి. తెలుగులోనూ గణితానికి పాత చరిత్రే ఉంది. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన పద్యాల్లో తెలుగు చేశాడు.

జబ్ర్ ఎలా పనిచేస్తుందో విందు లెక్కలోనే చూడవచ్చు. క్యాటరింగ్ వారు "మొత్తం మీద 2,000 తగ్గిస్తాం" అన్నారు. అప్పుడు,

21,000 + 210అ < 350అ – 2,000

కుడివైపు 2,000 లోటు ఉంది. దాన్ని పూడ్చాలి, ఎడమవైపు కూడా అంతే కలపాలి. 23,000 + 210అ < 350అ అయింది. ఇక ముఖాబలా: 23,000 < 140అ. భాగిస్తే 164 పైన కొంత భిన్నం. అతిథుల్లో భిన్నం ఉండదు కాబట్టి 165 మంది నుంచి మన వంట చవక. 164 మందితో మిగిలేది 22,960, ఇంకా 40 రూపాయలు లోటే.

పిల్లలు తప్పు చేసే చోటు ఒకటుంది. రెండు వైపులా రుణసంఖ్యతో గుణిస్తే, లేదా భాగిస్తే, గుర్తు తలకిందులు కావాలి. ఎందుకని అడిగితే చాలామంది 'సూత్రం అంతే' అంటారు. అప్పుతో చెబితే వెంటనే అర్థమవుతుంది. 3 రూపాయలు ఉన్నవాడి కన్నా 5 రూపాయలు ఉన్నవాడు మెరుగు. అదే 3 రూపాయల అప్పు ఉన్నవాడు, 5 రూపాయల అప్పు ఉన్నవాడి కన్నా మెరుగు. ఉన్నది అప్పుగా మారగానే ఎవరు మేలన్నది తిరగబడింది.

నిసాబ్ – రెండు తూకాల మధ్య గీటు

ముస్లిం ఇళ్లలో ఏటా తప్పనిసరిగా వేసే అసమీకరణం ఒకటి ఉంది. దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవరు. అదే జకాత్ నిసాబ్. అప్పులు పోను ఆస్తి నిసాబ్‌కు చేరితే, ఆపైన ఏడాది గడిస్తే జకాత్ విధి అవుతుంది, చేరకపోతే కాదు. ఈ గీటును రెండు లోహాలతో కొలుస్తారు. బంగారమైతే ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాములు. వెండి అయితే యాభై రెండున్నర తులాలు, అంటే 612.36 గ్రాములు. ఇవి మన దేశంలో ఉలమా వాడుకలో ఉన్న తూకాలు. అరబ్బు దేశాల్లో 85, 595 గ్రాముల లెక్క వాడతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ తులం పాత తులం, 11.664 గ్రాములది. ఇప్పుడు బజారులో 'తులం బంగారం' అంటే 10 గ్రాములు. ఏడున్నర బజారు తులాలు 75 గ్రాములే అవుతాయి. ఇంట్లో పెద్దవారు చెప్పిన తులాలను దుకాణం తులాలతో కలిపేస్తే గీటు పన్నెండున్నర గ్రాములు పక్కకు జరుగుతుంది.

డబ్బు రూపంలో ఉన్న ఆస్తిని ఏ గీటుతో పోల్చాలి? రెండింటిలో ఏది తక్కువ? గ్రాము బంగారం ధరను 'బ' అని, గ్రాము వెండి ధరను 'వ' అని అందాం. వెండి గీటు తక్కువ కావాలంటే 612.36వ < 87.48బ కావాలి. రెండు వైపులా 87.48తో భాగిస్తే 7వ < బ. లెక్క ఎంత అందంగా తేలిందో చూడండి! బంగారం ధర వెండి ధరకు ఏడు రెట్లు దాటితే వెండి గీటు తక్కువ, దాటకపోతే బంగారం గీటు తక్కువ. అరబ్బు దేశాల తూకాలతో చేసినా ఇదే ఏడు వస్తుంది.

ఈ ఏడు కాకతాళీయం కాదు. దైవప్రవక్త (స) కాలపు కొలత ప్రకారం నిసాబ్ 20 దీనార్ల బంగారం, 200 దిర్హముల వెండి. 10 దిర్హముల బరువు 7 దీనార్ల బరువుకు సమానమన్నది ఇస్లామీ నాణేల ప్రసిద్ధ ప్రమాణం. ఆ లెక్కన 200 దిర్హములు 140 దీనార్లంత బరువు. 140ని 20తో భాగిస్తే 7. ఆనాడు దీనారుకు 10 దిర్హములు మారకంగా చెల్లినప్పుడు 20 దీనార్లు, 200 దిర్హములు ఒకే విలువ. రెండు గీట్లూ ఒకదానిపై ఒకటి పడి ఒకే గీటుగా ఉండేవి. ఎవరికీ సందేహం లేదు.

తరువాత వెండి చౌక అవుతూ వచ్చింది. 1803లో ఫ్రాన్సు తన చట్టంలో ఒకటికి పదిహేనున్నర నిష్పత్తి రాసుకుంది. 1980 జనవరిలో వెండి ధర అమాంతం పెరిగినప్పుడు కూడా నిష్పత్తి సుమారు 17 దగ్గరే ఆగింది, ఏడు దాకా దిగలేదు. 2020 మార్చిలో 120 దాటింది. అంటే రెండు గీట్లు ఒకదానికొకటి ఎంతో దూరం జరిగిపోయాయి. వాటి నడుమ మన ఇళ్లలో చాలా ఇళ్లు ఉన్నాయి.

ఉదాహరణకు గ్రాము వెండి 100 రూపాయలు, గ్రాము బంగారం 8,000 అనుకుందాం. వెండి గీటు 61,236 రూపాయలు. బంగారం గీటు 6,99,840. ఒక సోదరి దగ్గర పెళ్లినాటి 20 గ్రాముల నగ మాత్రమే ఉంది, నగదు ఏమీ లేదు. బంగారాన్ని బంగారపు తూకంతో పోలిస్తే 20 < 87.48. ఆమె సాహెబె నిసాబ్ కాదు. ఆ నగతో పాటు బీరువాలో ఖర్చులు పోను 5,000 రూపాయలు దాచుకుందనుకోండి. రెండు రకాల సొత్తు కలిసినప్పుడు విలువ కట్టి వెండి గీటుతో పోల్చాలని హనఫీ ఉలమాలో ఎక్కువ మంది చెబుతారు. అప్పుడు 1,65,000 > 61,236. ఆమెపై 4,125 రూపాయల జకాత్ ఏర్పడుతుంది. అంత నగదు ఆమె చేతిలోనే ఉంది, కానీ అదిచ్చేస్తే మిగిలేది 875.

వెండి గీటు పాటిస్తే పేదలకు చేరేది పెరుగుతుందని ఒక పక్షం. ఈ రోజుల్లో వెండి గీటు పేదవారినే దాతల వరుసలో నిలబెడుతోంది కాబట్టి డబ్బుకు బంగారమే కొలత కావాలని మరో పక్షం. జకాత్ మీద పెద్ద గ్రంథం రాసిన యూసుఫ్ అల్ ఖర్జావీ ఈ రెండో మాట వైపు నిలిచారు. నగల విషయంలోనూ మజ్హబ్‌ల మధ్య తేడాలున్నాయి. ఏది పాటించాలో తమ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి, ఈ వ్యాసం ఫత్వా కాదు. కానీ అడగడానికి వెళ్లేటప్పుడు 'మా దగ్గర కొంచెం బంగారం ఉంది' అని కాక, ఎన్ని గ్రాములు, ఎంత నగదు, ఎంత అప్పు, ఆనాటి ధరలు ఏమిటి అన్నది కాగితం మీద రాసుకొని వెళ్తే జవాబూ తేటగా వస్తుంది.

ఒకే వీధిలో మూడు ఇళ్లు

ఇప్పుడు వేసవి సంగతి. దుకాణానికి వెళ్తే మామూలు ఫ్యాను పక్కనే బీఎల్‌డీసీ ఫ్యాను ఉంటుంది. మామూలు ఫ్యాను పూర్తి వేగంలో సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, రెండోది సుమారు 30 వాట్లు. దుకాణదారు "కరెంటు బిల్లు సగానికి పైగా ఆదా" అంటాడు. ఫ్యాను వరకు ఆ మాట నిజమే. కానీ ఆదా అయ్యే యూనిట్లకు మీరు ఎంత చెల్లిస్తున్నారన్నది అతడికి తెలియదు. తెలిసినా చెప్పడు.

ధరలో తేడా 1,600 అనుకుందాం. గంటకు ఆదా 45 వాట్లు, అంటే యూనిట్‌లో 0.045 వంతు. యూనిట్ ధర 8 రూపాయలైతే గంటకు 36 పైసలు మిగులుతుంది. 1,600 < 0.36గ కావాలి. గంటలు 4,444 దాటాలి. రోజుకు 15 గంటలు తిరిగితే 297వ రోజున గీటు దాటుతాం. యూనిట్ ధర 4 రూపాయలైతే దానికి రెట్టింపు, 593 రోజులు. మరి యూనిట్ ధర సున్నా అయితే? 1,600 < 0 అని వస్తుంది. ఫ్యాను ప్రళయం దాకా తిరిగినా ఆ వాక్యం నిజం కాదు.

యూనిట్ ధర సున్నా ఎక్కడైనా ఉంటుందా అనకండి. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి, పథకంలో చేరిన ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. 200 దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. ఇది మామూలు గీటు కాదు, అంచున లోయ ఉన్న గీటు.

ఒక వీధిలో మూడు ఇళ్లు తీసుకుందాం. మూడింటికీ పథకం ఉంది, మూడింట్లోనూ మూడేసి మామూలు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరుగుతున్నాయి. మూడూ మారిస్తే నెలకు 48.6 యూనిట్లు తగ్గుతాయి. ఖర్చు 4,800 అదనం. ధరలు 2022–23 పట్టిక ప్రకారం చూద్దాం. అందులో 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, ఆపైన 300 దాకా 7.70 చొప్పున. స్థిర ఛార్జీలు వంటివి పక్కన పెడదాం.

మొదటి ఇల్లు 170 యూనిట్లు వాడుతుంది. బిల్లు సున్నా. ఫ్యాన్లు మార్చినా సున్నా. 4,800 తిరిగి రాదు.

రెండో ఇల్లు 230 యూనిట్లు. బిల్లు 1,020కి 231 కలిపి 1,251. ఫ్యాన్లు మారిస్తే వాడకం 181.4, బిల్లు సున్నా. 4,800 < 1,251నె, అంటే నాలుగో నెలతోనే గీటు దాటింది. ఒక్క వేసవిలో పెట్టుబడి చేతికొచ్చింది.

మూడో ఇల్లు 260 యూనిట్లు. బిల్లు 1,482. ఫ్యాన్లు మార్చాక 211.4 యూనిట్లు, బిల్లు సుమారు 1,108. నెలకు మిగిలేది 374. గీటు దాటడానికి 13 నెలలు. అదీ ఫ్యాన్లు ఏడాది పొడుగునా ఆడితేనే. డిసెంబరు చలిలో ఫ్యాను ఆగితే ఇంకా వెనక్కి పోతుంది. కానీ ఈ ఇల్లు అంచు నుంచి 11.4 యూనిట్ల దూరంలోనే ఉందని గమనించండి. నీళ్ల హీటరు వాడకం ఆ మేరకు తగ్గించుకోగలిగితే రెండో ఇంటి వరుసలోకి వచ్చేస్తుంది.

ఒకే ఫ్యాను, ఒకే వీధి, మూడు జవాబులు. పక్కింటివారు కొన్నారు కదా అని కొనేవారి కోసమే ఇంత వివరంగా రాయవలసి వచ్చింది.

పథకం లేని ఇంటికి కూడా ఆ పట్టికలో 200 దగ్గర ఒక మెట్టు ఉంది. సరిగ్గా 200 యూనిట్లు వాడితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు. 201 వాడితే 1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో తెచ్చిన పట్టికలో ఇలాంటి దూకుడు లేదు, ఏ మెట్టు యూనిట్లకు ఆ మెట్టు ధరే. 126 నుంచి 225 దాకా 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8.75. అక్కడ ఫ్యాను లెక్క వేసేవారు మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి వచ్చే సగటు ధర తీసుకోకూడదు. ఫ్యాను తగ్గించేది పైమెట్టు యూనిట్లను. 300 యూనిట్లు వాడే ఇంటికి మిగిలే ప్రతి యూనిట్ విలువ 8.75, సగటు దానికన్నా చాలా తక్కువ చూపిస్తుంది. సగటుతో లెక్కవేసి 'గిట్టదు' అనుకున్నవారికి నిజానికి గిట్టవచ్చు.

చివరగా చేతిలోని ఫోను. నెల ప్లాను అన్నది చాలా చోట్ల 28 రోజులే కాబట్టి ఏడాదికి 12 కాదు, 13 సార్లు డబ్బు కట్టాలి. దీనిపై ఫిర్యాదులు వచ్చాకే కనీసం ఒక ప్లాను అయినా 30 రోజులది, మరొకటి ప్రతి నెలా ఒకే తేదీకి వచ్చేది ఉండాలని ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది. 28 రోజులకు 300, ఏడాదికి ఒకేసారి 3,500 అనుకుంటే, 3,500 < 300ర అన్నది 12వ రీచార్జితో నిజమవుతుంది. ఇంట్లో ఉండే అమ్మీ ఫోనుకు ఏడాది ప్లానే మేలు, 13 రీచార్జీలకు 3,900 కట్టే బదులు 400 మిగులుతుంది. పది నెలల్లో వీసా వచ్చి సౌదీకి బయలుదేరే కుర్రాడికి 11 రీచార్జీలు సరిపోతాయి, 3,300తో పోతుంది. వీసా నెల రోజులు ఆలస్యమైతే మాత్రం 12వది వేయించుకోక తప్పదు, ఏడాది ప్లాను కన్నా 100 ఎక్కువ పడుతుంది.